కార్డు నంబరు చివర రెండక్షరాలు

మాది కావలి. బ్రాడ్‌బ్యాండ్ నడుపుతాం, టౌన్లో కొన్ని, బిట్రగుంట అల్లూరు వైపు కొన్ని, అన్నీ కలిపి నాలుగు వేల ఇళ్ళ దాకా ఉంటాయి. రాత్రి ఎనిమిదైతే ఫోన్లే ఫోన్లు, "ఏందన్నా, వీడియో తిరగతానే ఉంది" అని. పాత రౌటర్ ఇంక లాగలేదని తేలిపోయి సెకండ్ హ్యాండ్‌లో సిస్కో ఏఎస్ఆర్ 9006 అనే పెద్ద రౌటర్ తీసుకుందాం అనుకున్నాం. ఆరు స్లాట్లు, రౌటర్ని నడిపించే ఆర్ఎస్పీ కార్డులకి రెండు పోతే, కేబుళ్ళు పెట్టే పోర్టులుండే లైన్ కార్డులకి నాలుగు మిగులుతాయి.

చెన్నై డీలర్ 24 పోర్టుల టెన్ జీ (పోర్టుకి సెకనుకి పది గిగాబిట్లు) లైన్ కార్డుకి కొటేషన్ పంపాడు, రేటు బాగుంది, అడ్వాన్స్ కూడా వేసేద్దామనుకున్నా. ఆ రోజే ఒంగోల్లో నెట్‌వర్క్ చూసుకునే తమ్ముడొకడికి కాయితం పంపిస్తే వెంటనే ఫోన్ చేశాడు. "అన్నా, కార్డు నంబరు చివర టీఆర్ అనుంది చూసుకున్నావా?" నేను పోర్టులే లెక్కపెట్టుకున్నా గానీ అది చూళ్ళేదు. టీఆర్ కార్డులో పోర్టుకి ఎనిమిది క్యూలే (ప్యాకెట్లు వరసలో ఆగే చోట్లు) ఉంటాయంట, పైనుంచి వచ్చే లింకులకైతే అది చాలు, కానీ ఒక్కో ఇంటికీ వాళ్ళ ప్లాన్ స్పీడు విడిగా కట్టాలంటే చివర ఎస్ఈ అనుండే కార్డే కావాలి, మెమరీ క్యూలు అన్నీ దాంట్లోనే ఎక్కువ. డీలర్ని అడిగితే రెండూ ఒకటేనన్నాడు, అది నాకు నిజంగా బాధేసింది, వాడు అమ్మేసి పోతాడు, రోజూ ఫోన్లు ఎత్తాల్సింది నేను కదా.

36 పోర్టుల కార్డు కూడా చూశాం. దాంట్లో ఆరు ఎన్పీలే (ప్యాకెట్లని చూసి పంపించే చిప్పులు), ఒక్కోదాని మీద ఆరు పోర్టులు. 24 దాంట్లో ఎనిమిది ఎన్పీలు, మూడేసి పోర్టులు. 64 బైట్ల చిన్న ప్యాకెట్లయితే ఒక్క టెన్ జీ పోర్టుకే సెకనుకి 1.488 కోట్లు వస్తాయి, ఎవరన్నా అటాక్ కొట్టినప్పుడు వచ్చేవి అయ్యే, ఒక్కో ఎన్పీ మీద బరువు తక్కువుండాలి, అందుకని పోర్టులు తక్కువైనా 24దే, ఎస్ఈదే తీసుకున్నాం. రేటు పెరిగింది, ఇంట్లో కొంచెం గొడవైంది కూడా.

పెట్టె రాంగానే ముందు స్టిక్కర్ చూశా, చివర ఎస్ఈ అని ఉంది. కార్డు తోసి రెండు పక్కల లివర్లు మూసి, ఖాళీ స్లాట్లకి బ్లాంక్ ప్లేట్లు బిగించాం, లేకపోతే గాలి సరిగా ఆడదు. కార్డు లేచిందో లేదో చూపించే షో ప్లాట్‌ఫాం కమాండ్ కొడతా కూర్చున్నాం, చాలాసేపటికి గానీ ఐఓఎస్ ఎక్స్ఆర్ రన్ అని, అంటే కార్డు పనిచేస్తోందని, రాలేదు. రెండు అప్‌లింకులూ (పైనుంచి వచ్చే లింకులు) 0, 1 పోర్టుల్లో పెట్టబోతే తమ్ముడు ఆపాడు, అవి రెండూ ఒకే ఎన్పీ అంట. ఒకటి 0లో, ఇంకోటి 3లో పెట్టాం.