డౌన్ సిండ్రోమ్ ఉన్న మా పాపని మామూలు బడిలో చేర్పించిన వైనం

మా పాపకి డౌన్ సిండ్రోమ్. ఈ ఏడాది జూన్‌లో మా ఇంటికి దగ్గర్లోని జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) బడిలో ఒకటో తరగతిలో చేరింది. స్పెషల్ స్కూల్ కాదు, మామూలు బడే. అప్పట్నుంచి థెరపీ సెంటర్లో కలిసే తల్లిదండ్రులు, వాళ్ళు చెప్పగా ఫోన్ చేసేవాళ్ళు ఒకటే అడుగుతున్నారు: ఎలా చేర్చుకున్నారు, ఏ కాగితాలు అడిగారు, ఎవరితోనైనా చెప్పించారా అని. ఎవరితోనూ చెప్పించలేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి నేరుగా పనికొస్తుంది.

పుట్టినప్పటి సంగతి ఎక్కువ రాయను. పాప కళ్ళ తీరు, మెత్తగా వాలిపోయే ఒళ్ళు చూసి పిల్లల డాక్టరు గారు క్రోమోజోములు చూసే కారియోటైప్ పరీక్ష రాశారు. 21వ క్రోమోజోమ్ రెండు ఉండాల్సిన చోట మూడు ఉన్నాయని రిపోర్టు వచ్చింది. దీనికి కారణం ఇదేనని 1959లోనే తేలింది. అయినా మా చుట్టాల్లో ఇప్పటికీ గ్రహణం నాడు మా ఆవిడ బయటికి వెళ్ళిందా లేదా అన్న చర్చ నడుస్తూనే ఉంది. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో పుట్టుకతో లోపం ఉంటుంది కాబట్టి ముందు గుండెకి ఎకో స్కాన్ తీయించారు. చిన్న రంధ్రం ఉంటే అది దానంతటదే పూడుకుంది. థైరాయిడ్, చెవి, కంటి పరీక్షలు మాత్రం ఏటా చేయిస్తున్నాం.

వైకల్య సర్టిఫికెట్ (సదరం అంటారు) దగ్గర్నుంచి అసలు తిరుగుడు మొదలైంది. సదరం స్లాట్ వార్డు సచివాలయంలోనో మీసేవలోనో బుక్ చేసుకోవాలి. స్లాట్లు వదిలిన కాసేపటికే అయిపోతుంటాయి. సచివాలయంలో పనిచేసే అమ్మాయి "స్లాట్లు తెరిచారన్నా, పాప ఆధార్ పట్టుకుని రండి" అని ఫోన్ చేయబట్టి మాకు దొరికింది. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ బర్త్ సర్టిఫికెట్‌తో సరిపోతున్నాయో లేదో ముందే చూసుకోండి.

ప్రభుత్వాసుపత్రిలో సైకాలజిస్టు గది బయట బెంచీల నిండా జనం. లోపలికి పిలిచే లోపు పక్కనున్న పెద్దావిడ మా ఆవిడ చెయ్యి పట్టుకుని, "అన్నీ వచ్చని సెప్పీకమ్మా, పర్సెంటు తగ్గిపోద్ది, పింఛను రాదు" అంది. ఆవిడ మాటని నేను తప్పు పట్టను. నలభై శాతం ఉంటేనే పింఛను. 2024 జూలై నుంచి అది నెలకి 6,000 రూపాయలు. ఆ డబ్బు మీదే మందులు కొనుక్కునేవాళ్ళు ఆ బెంచీల మీద చాలామందే ఉన్నారు.

లోపల పాపకి బొమ్మలు చూపించి అడిగింది కొంత, మమ్మల్ని అడిగింది ఎక్కువ. అన్నం తనే కలుపుకుని తింటుందా? మెట్లు ఒక్కతే దిగుతుందా? వేడి వస్తువు చూస్తే జరుగుతుందా? మా ఆవిడ పెద్దావిడ సలహా మర్చిపోయిందో, కావాలనే పక్కన పెట్టిందో గానీ, ప్రతిదానికీ "వచ్చండీ, నేర్పించానండీ" అంటోంది. గుండీల ప్రశ్న వచ్చేసరికి పాపచేత అక్కడికక్కడే పెట్టించింది. పై గుండీ కింది కాజాలోకి పోయింది. పాప కిందికి చూసుకుని, నాలుక బయటపెట్టి, మళ్ళీ తీసి సరిగ్గా పెట్టుకుంది. ఆ కాసేపూ సైకాలజిస్టు గారు పెన్ను పక్కన పెట్టి చూస్తూ కూర్చున్నారు. చివరికి మోడరేట్, 75 శాతం అని వచ్చింది. ఇది తాత్కాలికమే, పాపకి పదేళ్ళు వచ్చాక ఒకసారి, పద్దెనిమిదేళ్ళు వచ్చాక ఇంకోసారి మళ్ళీ చూస్తారు. దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) తర్వాత పోస్టులో వచ్చింది.

బడి దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం తిరగబడింది. అక్కడ ఏం రాదో చెబితేనే కాగితం, ఇక్కడ ఏం వచ్చో చెబితేనే సీటు. అదే పిల్ల, అవే గుండీలు.

మొదట ప్రైవేటు స్కూళ్ళు చూశాం. ఒకచోట రిసెప్షన్లో పాప మొహం చూడగానే సీట్లు అయిపోయాయన్నారు. 'అడ్మిషన్లు జరుగుచున్నవి' అన్న ఫ్లెక్సీ గేటు మీద అలాగే వేలాడుతోంది. ఇంకోచోట ప్రిన్సిపాల్ గారు కాఫీ తెప్పించి, మా ఇద్దరి ఉద్యోగాల గురించి అడిగి, "మాకేం అభ్యంతరం లేదండీ, మిగతా పేరెంట్స్ ఒప్పుకోరు" అన్నారు. ఇలా మర్యాదగా చెప్పేవాళ్ళతోనే కష్టం, గట్టిగా ఒక మాట అనడానికి కూడా ఉండదు. మరోచోట చేర్చుకుంటామన్నారు. కాకపోతే క్లాసులో పాప పక్కనే ఉండి చూసుకునే షాడో టీచర్ జీతం మేమే కట్టుకోవాలి, ఎప్పుడు టీసీ ఇచ్చినా మారు మాట్లాడబోమని స్టాంపు పేపరు మీద రాసివ్వాలి. మా ఆవిడ ఆ కాగితం మొత్తం చదివి, మడిచి బల్ల మీద పెట్టి, "మిగతా పిల్లల దగ్గర కూడా ఇలా రాయించుకుంటున్నారా అండీ?" అంది. వాళ్ళు కంప్యూటర్ వైపు చూస్తూ ఉండిపోయారు. మేం వచ్చేశాం.

చట్టం ఏమంటుందో అప్పుడు కూర్చుని చదివాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడులన్నిట్లో ఈ పిల్లల్ని వివక్ష లేకుండా చేర్చుకోవాలి. 31వ సెక్షన్ ప్రకారం వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్న పిల్లలకి ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా దగ్గర్లోని బడిలో గానీ, కోరుకున్న స్పెషల్ స్కూల్లో గానీ ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ అయితే అడ్మిషన్‌కి పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ పరీక్షించి వడపోయడమే నేరమంటోంది. మొదటిసారికి 25,000, ఆ తర్వాత ప్రతిసారికీ 50,000 రూపాయల దాకా జరిమానా. సోమవారం కలెక్టరేట్లో అర్జీ పెడదామని తమ్ముడు అన్నాడు. పెట్టదలుచుకున్నవాళ్ళు తప్పకుండా పెట్టండి. నాకు మాత్రం, మనల్ని వద్దనుకున్న మనుషుల చేతుల్లో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పాపని ఉంచడం ఇష్టం లేకపోయింది.

జీవీఎంసీ బడిలో సెక్షన్ల జిరాక్సులు తీయబోతుంటే హెచ్‌ఎం మేడం, "అవి లోపల పెట్టు బాబూ. బాత్రూమ్ వస్తే చెబుతుందా?" అని అడిగారు. చెబుతుందన్నాను. "అయితే రేపు పంపించు. ప్రత్యేకంగా టీచర్ ఎవరూ లేరు, ఇలాంటి పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రం నుంచి అప్పుడప్పుడు వస్తారు. మాకు తెలియనివి మీరే చెప్పాలి" అన్నారు. ఇన్ని గడపలు ఎక్కి దిగాక మాకు ఎదురైన ఒకే ఒక్క పనికొచ్చే ప్రశ్న అది. అప్లికేషన్‌తో ఆధార్, బర్త్ సర్టిఫికెట్, సదరం కాపీలు ఇచ్చాం. అంతే.

'మీరే చెప్పాలి' అన్నారు కదా అని ఒక పేజీ తెలుగులో రాసిచ్చాం. ఈ పని అందరూ చేయండి. ముందు బెంచీలో కూర్చోబెట్టాలి, ఈ పిల్లలకి చెవిలో నీరు చేరి వినికిడి తగ్గడం మామూలే. ఒకసారి ఒక పనే చెప్పాలి. విన్నదానికంటే చూసింది బాగా గుర్తుంటుంది కాబట్టి బొమ్మ చూపించి పదం చెప్పాలి. మాట స్పష్టంగా రాకపోయినా అర్థమవుతుంది, కాబట్టి తన ముందు తన గురించి జాలిగా మాట్లాడొద్దు. పీటీ పీరియడ్‌లో ముందుకు పల్టీలు కొట్టించొద్దు, కొందరికి మెడ ఎముకల కీలు వదులుగా ఉంటుంది. క్లాస్ టీచర్ ఆ పేజీని అటెండెన్స్ రిజిస్టర్ అట్ట లోపల అంటించుకున్నారు.

దసరా సెలవుల ముందు టీచర్ నన్ను పిలిచి కంప్లైంట్ చేశారు: మధ్యాహ్న భోజనంలో ఇచ్చే పల్లీ చిక్కీ పాప నమలలేదు, అది పక్కపిల్లకి ఇచ్చి గుడ్డు రోజు ఆ పిల్ల గుడ్డు పుచ్చుకుంటోందట. ఆ పిల్ల తల్లి గొడవకి వచ్చిందట. "కొంచెం భయం చెప్పండి" అన్నారు. చెప్పాను. టీచర్ కూడా పాపని నిలబెట్టి మందలించారట. ఆ రాత్రి మా ఆవిడ వాళ్ళ అమ్మకి ఫోన్ చేసి ఈ సంగతి పండగ కబురులా చెప్పింది. అందరూ మా పాపని ముద్దు చేసేవాళ్ళే, తప్పు చేశావని నిలబెట్టి అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరు.

థెరపీ సెంటర్లో ఎదురుచూసేటప్పుడు మిగతా తల్లిదండ్రుల మాటలు వింటుంటే కోరికలు ఇంత చిన్నవా అనిపిస్తుంది. గాజువాక నుంచి వచ్చే ఒకాయనకి కొడుకు టిఫిన్ సెంటర్లో కౌంటర్ మీద కూర్చోవాలని. ఇంకొకావిడకి కూతురు మద్దిలపాలెం దాకా సిటీ బస్సులో ఒక్కతే వెళ్ళి రావాలని. పిల్లలు పెద్దవాళ్ళైన ఇళ్ళలో మాత్రం 'మా తర్వాత ఎవరు' అన్న టెన్షన్ తప్ప వేరే మాట ఉండదు. అమెరికాలో 1980ల మొదట్లో డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళ ఆయుష్షు సగటున పాతికేళ్ళు, ఇప్పుడు అరవై దాకా ఉంది. వైద్యం పెరిగిన కొద్దీ మన పిల్లలూ మనల్ని దాటి బతుకుతారు. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళకి గార్డియన్‌ని నియమించే కమిటీ కలెక్టర్ ఆధ్వర్యంలోనే ఉంటుంది. అదే ట్రస్ట్ నిరామయ పథకం కింద ఏడాదికి లక్ష రూపాయల దాకా వైద్య బీమా ఉంది, దానికి ఇప్పుడే అప్లై చేసుకోవచ్చు. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్‌లో మేధో వైకల్యాన్ని కూడా చేర్చారు. కానీ ఆ ఉద్యోగం దాకా వెళ్ళాలంటే ఒకటో తరగతి గేటు దాటనివ్వాలి కదా.

వచ్చే శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. సమ్మెటివ్ పరీక్ష రాతకి బదులు మౌఖికంగా పెట్టగలరేమో అడగాలి. పోయిన పరీక్షకి పాప ప్రోగ్రెస్ కార్డులో మార్కుల గళ్ళు ఖాళీగా వదిలేశారు, బాధపడతామనుకున్నారేమో. నాలుగొస్తే నాలుగు, సున్నా వస్తే సున్నా, అందరికీ వేసినట్టే వేయమని చెప్పి వస్తాం.