21 రోజులకోసారి

ఈరోజు చెల్లికి మళ్ళీ పెన్సిలిన్ ఇంజెక్షన్ వేయించాం. నర్సమ్మ సీసాలో తెల్లపొడికి నీళ్లు కలిపి అరచేతుల మధ్య తిప్పుతుంటేనే అది నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంటుంది. మందు పాలలా చిక్కగా ఉంటుంది, సూది లావు. ఆ పూటంతా కుంటుతూనే తిరుగుతుంది.

దానికి 11 ఏళ్లప్పుడు గొంతునొప్పి, జ్వరం వచ్చాయి. ఉప్పునీళ్లు పుక్కిలిస్తే తగ్గిపోయాయి. మూడు వారాలకు మోకాలు వాచింది, అది తగ్గేలోపే చీలమండ. ఎదిగే పిల్లకు మామూలేలే అని బామ్ రాశాం. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. మెట్లెక్కితే ఆయాసం రావడంతో ఎకో (గుండె స్కానింగ్) తీయించాం. గుండెలో రక్తాన్ని వెనక్కి పోనివ్వని తలుపులాంటి మైట్రల్ కవాటం దెబ్బతిందన్నారు. రుమాటిక్ గుండె జబ్బు.

గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా మీద పోరాడాల్సిన రోగనిరోధక శక్తే, దానికీ గుండెకూ ఉన్న పోలికలు చూసి పొరబడి, సొంత గుండె మీద కూడా పడుతుంది. ఈ ఇంజెక్షన్ పాడైన కవాటాన్ని బాగుచేయదు. ఆ ఇన్ఫెక్షన్ మళ్ళీ రాకుండా, గుండె ఇంకా దెబ్బతినకుండా కాపాడుతుంది. అందుకే ఒక్కటి కూడా తప్పనివ్వం.

వంటింటి క్యాలెండర్‌లో తర్వాతి తేదీకి ఎర్రపెన్నుతో సున్నా చుట్టాను. సరిగ్గా దాని లెక్కల పరీక్ష రోజే పడింది. సాయంత్రం తీసుకెళ్తాను.