తెలుగు రాతకు ఇంకు పెన్ను: ఇప్పటిదాకా తేలినవి

ఇంకు పెన్నుల మీద యూట్యూబ్‌లో ఎన్ని రివ్యూలు చూసినా, వాళ్లు రాసి చూపించేది ఇంగ్లీషు కలిపిరాతే. ఒక్కసారి మొదలుపెడితే మాట పూర్తయ్యేదాకా పాళీ కాగితం మీంచి లేవదు. మన రాత అలా కాదు. ‘కృష్ణ’ అని రాసి చూడండి. అక్షరం గీయాలి, చెయ్యెత్తి తలకట్టు పెట్టాలి, మళ్లీ ఎత్తి పక్కన ఋత్వం, ఆ తర్వాత ష, దాని తలకట్టు, కింద వత్తు. రెండక్షరాల మాటకే ఇంతసేపు. అందుకే పెన్ను ధారగా ఇంకు వదులుతుందా లేదా అన్నది నాకు రెండో విషయం. కాగితం మీద దిగిన ప్రతిసారీ గీత మొదటినుంచీ పడుతుందా అన్నదే మొదటిది.

ఎండాకాలం: పాళీల గొడవ

హైదరాబాద్ ఎండలకు, పైన తిరిగే ఫ్యాన్‌కు పాళీ ఇట్టే ఆరిపోతుంది. పద్యం ఎత్తి రాస్తూ తర్వాతి పాదం ఏమిటా అని కాసేపు ఆలోచిస్తే చాలు, రాయబోయే మొదటి గీత ఎగిరిపోతుంది. మూత బిగువుగా ఉండే పెన్నుల విలువ అప్పుడే తెలుస్తుంది. ప్లాటినమ్ ప్రెపీ చవక ప్లాస్టిక్ పెన్నే గానీ, దాని మూతలో లోపలి గొట్టం పాళీని గట్టిగా కప్పేస్తుంది. కొన్ని వారాలు పక్కన పడేసినా తీయగానే రాసింది.

సైజు సంగతి. మీడియం పాళీతో ఇంగ్లీషు అందంగా ఉంటుంది, తెలుగు మాత్రం పూడుకుపోతుంది. ఖ, ఝ, ఱ లోపలి ఖాళీలు మూసుకుపోతాయి, ష కాస్తా స లాగా కనిపిస్తుంది. నా చేతికి ఫైన్ కుదిరింది, అదీ జపాన్ ఫైన్. వాళ్ల ఫైన్ దాదాపు యూరప్ కంపెనీల ఎక్స్‌ట్రా ఫైన్ అంత సన్నం. ఇరుకు గడుల్లో బోలెడు గీతలుండే లిపి వాళ్లది కూడా మరి.

షాపులో పెన్ను చేతికిస్తే అందరూ సంతకం పెట్టి చూస్తారు. దాంతో ఏమీ తేలదు. ‘ఝ ఖ ఘ ఱ’ ఒక వరుస, ‘లక్ష్మి, స్వాతంత్ర్యం’ ఇంకో వరుస, చివర తలకట్లు ఒక వరుస రాయండి. తలకట్టు చివర గీత కుడివైపుకు, పైకి వెళుతుంది, అంటే పాళీని లాగడం కాదు, నెట్టడం. పాళీ కొనలు రెండూ సరిగ్గా ఒక్క ఎత్తులో లేకపోతే అక్కడే గీరుకుంటుంది. పది రెట్ల భూతద్దం ఉంటే ఇంకా మంచిది, ఏ కొన పైకి లేచిందో కంటికే కనిపిస్తుంది.

రాజమండ్రి పెన్ను

పని మీద రాజమండ్రి వెళ్లినప్పుడు రత్నం పెన్ను కొనుక్కున్నాను. కోసూరి వెంకటరత్నంగారు స్వదేశీ ఉద్యమం రోజుల్లో మొదలుపెట్టిన పని ఇది. గ్రామ పరిశ్రమల సంఘం కుమారప్పగారి ద్వారా అందిన ఆ పెన్నుతో రాసి చూసి, విదేశీ పెన్నుల బదులు వాడుకోవచ్చని గాంధీగారు 1935లో ఉత్తరం రాశారు. చేతికి తీసుకుంటే పెద్దగా బరువు లేదు, లావుగా ఉంది, పట్టు హాయిగా ఉంది. (పనిలో పనిగా రోజ్ మిల్క్ కూడా తాగాను. ఆ ఊరు వెళ్లి తాగకుండా వస్తే ఇంట్లో ఊరుకోరు.)

ఈ పెన్ను ఎబొనైట్‌తో చేసింది. ఎబొనైట్ అంటే గంధకం కలిపి వేడి మీద గట్టిపరిచిన రబ్బరు. లేత్ మీద తిప్పి పెన్ను చేస్తారు. దీనికి ఎండా పడదు, వేడినీళ్లూ పడవు. నల్లటి నిగారింపు పోయి పాచిరంగు వస్తుంది. కడిగేటప్పుడు మామూలు నీళ్లే వాడాలి. మొండి మరకలుంటే గ్లాసుడు నీళ్లలో ఒక్క చుక్క గిన్నెలు తోమే సబ్బు చాలు.

ఇది ఫిల్లర్‌తో నేరుగా గొట్టంలోకి ఇంకు పోసే రకం. ఒకసారి పోస్తే చాలా పేజీలు వస్తాయి. చిక్కల్లా ఇంకు తగ్గాక. గొట్టంలో మూడో వంతు మిగిలేసరికి గాలి ఎక్కువవుతుంది, చేతివేడికి ఆ గాలి వ్యాకోచించి ఇంకును ముందుకు తోస్తుంది, పెన్ను కక్కుతుంది. సగానికి రాగానే మళ్లీ నింపేస్తే ఆ బాధ ఉండదు. పెన్ను బిగించే మరచుట్ల దగ్గర సిలికాన్ గ్రీజు పల్చగా రాస్తే కారడం కూడా ఉండదు. వాజలీన్ వద్దు, అది సిలికాన్‌లా నిలకడగా ఉండదు, ఇంకులో కలిస్తే పాళీ కింద ఉండే నాలుక సందుల్లో పట్టుకుంటుంది.

వానలు పడ్డాక: కాగితం

వానాకాలం గాలికి కాగితం మెత్తబడి ఇంకు పాకడం ఎక్కువైంది. జీఎస్ఎమ్ (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములన్న లెక్క) ఎక్కువుంటే పాకదని చాలామంది అనుకుంటారు. మందం వల్ల వెనకవైపు కనిపించడం తగ్గుతుంది, అంతే. పాకకుండా ఆపేది తయారీలో కాగితానికి పట్టించే గంజిలాంటి పూత. మా వీధి స్టేషనరీ షాపులో 100 జీఎస్ఎమ్ అని అంటగట్టిన పుస్తకం కన్నా మామూలు 80 జీఎస్ఎమ్ ప్రింటర్ కాగితమే నయం అనిపించింది. కొనేముందు ఒక మూల చిన్న వత్తు రాసి చూడనిస్తేనే కొనండి.

ఇంకులకు పెద్దగా ఖర్చు పెట్టలేదు. కామ్లిన్ రాయల్ బ్లూ పెన్నుకు సుఖం, కడిగితే పోతుంది. కాకపోతే నీటిచుక్క పడితే రాత కూడా పోతుంది. దాచుకోవాల్సిన పేజీలకు వేరే ఇంకు చూసుకోవాలి.

గీతల పుస్తకాలు మానేశాను. 8 మిల్లీమీటర్ల వరుసల్లో పైవరుస వత్తు వచ్చి కిందివరుస గుడిని గుద్దుకుంటుంది. 11 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున నల్లగా గీతలు ప్రింట్ తీసి, తెల్లకాగితం కింద పెట్టుకుని రాస్తున్నాను. 80 జీఎస్ఎమ్‌లోంచి గీత కనిపిస్తుంది.

ఇప్పుడు

రాత్రి భోజనాలయ్యాక నాలుగు పద్యాలు ఎత్తి రాయడం. ఆటవెలదులు ఏ5 పేజీలో చక్కగా పడతాయి. ఉత్పలమాల మాత్రం పాదానికి 20 అక్షరాలు, ఏ5లో రెండో వరుసలోకి జారుతుంది, ప్రాస అక్షరాలు ఒకదాని కింద ఒకటి నిలబడవు. పుస్తకాన్ని అడ్డంగా తిప్పితే సరిపోయింది. సీసపద్యం ఇంకా లొంగలేదు, దానికి ఏ4 అడ్డంగా పెట్టాల్సిందే. అమ్మ చూసి, ‘ఏంట్రా, ఈ వయసులో మళ్లీ కాపీరైటింగా?’ అంది. తర్వాత తనే పెన్ను తీసుకుని అర పేజీ రాసింది. ఆవిడ ణ ముందు నాది దిగదుడుపే.

దస్తూరి బాగుపడిందా అంటే, వత్తులు బాగుపడ్డాయి. ఇదివరకు అక్షరానికి ఎక్కడో కుడిమూలకు వేలాడేవి, ఇప్పుడు కిందికి చేరాయి. కొమ్ములు ఇంకా వంకరే. వచ్చే నెల పర్మనెంట్ బ్లాక్ తెచ్చి ప్రెపీలో పోసి చూడాలి. ఎబొనైట్ పెన్నులో మాత్రం రాయల్ బ్లూ మార్చను.