కబుర్లు మోసిన పాప

బెంగళూరు మారతహళ్లి ఫ్లాట్‌లో చివరి రెండేళ్లు మేమిద్దరం పోట్లాడుకోలేదు, మాట్లాడుకోనూ లేదు. "భోజనానికి రమ్మని నాన్నకు చెప్పు" అని నేను, "ఆకలి లేదని అమ్మకు చెప్పు" అని ఆయన. ఎనిమిదేళ్ల పాప వంటింటికీ హాలుకూ మధ్య తిరిగేది.

ఒక రాత్రి ఆయన, "ఈ ఇంట్లో ముద్ద దిగదని చెప్పు" అన్నది నాకూ వినిపించింది. పాప వచ్చి, "నాన్న తర్వాత తింటారట, కూర బాగుందన్నారు" అంది. చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పాప కోసం సర్దుకుపోతున్నానని అన్నాళ్లూ నమ్మాను. మమ్మల్ని సర్దుతున్నది పాపే.

విడిపోతున్నామని చెబితే నెల్లూరు నుంచి అమ్మ వచ్చింది. "పిల్ల ముఖం చూడవే" అంది.

"చూసే చెబుతున్నానమ్మా" అన్నాను.

ఆయన వేరే ఇంటికి మారారు. హిందూ వివాహ చట్టం 13-బి సెక్షన్ కింద పరస్పర అంగీకారంతో విడాకులు కోరాలంటే ముందు కనీసం ఏడాది విడిగా ఉండాలి. అది దాటాక సిద్దయ్య రోడ్డు న్యాయదేగుల భవనంలోని ఫ్యామిలీ కోర్టులో ఉమ్మడి పిటిషన్ వేశాం.

మధ్యవర్తి ముందు డబ్బు సంగతి ఒక్క పూటలో తేలింది. పాప ఆదివారాలు, దసరా సెలవులు తేలడానికి నాలుగుసార్లు కూర్చున్నాం. ఏ కబురైనా మేమే నేరుగా చెప్పుకోవాలి, పాపతో చెప్పించకూడదని ఒప్పందంలో రాయమన్నాను. ఇలాంటివి రాయనక్కర్లేదని లాయరు అన్నారు. పాప నాన్న తల వంచుకునే, "రాయండి" అన్నారు. ఆ ఒక్క మాటకు ఆయన మీద ఇప్పటికీ గౌరవం ఉంది.

పిటిషన్ వేశాక మళ్లీ ఆరు నెలలు ఆగాలి. తగిన కేసుల్లో ఈ గడువును కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఆ తీర్పు ప్రకారం అందుకు పిటిషన్ వేసేనాటికే ఏడాదిన్నర విడిగా ఉండి ఉండాలి. మాకు పద్నాలుగు నెలలే. ఆగాం. రెండో విచారణలో జడ్జి ఇద్దరినీ విడివిడిగా అడిగి విడాకుల డిక్రీ ఇచ్చారు. బయట మెట్ల మీద ఏడుపు ఆగలేదు. పదకొండేళ్ల కాపురం కదా.

ఇప్పుడు ఆదివారం పాపను దింపేటప్పుడు తనకు మందు వేశారో లేదో, హోంవర్క్ ఎంతవరకు వచ్చిందో ఆయనే నాకు చెబుతారు. పాప లోపలికి వెళ్లిపోతుంది.

మొన్న అన్నం కలుపుకుని ఒక ముద్ద తిని, కంచం నా వైపు జరిపింది.

"ఉప్పు ఎక్కువైందమ్మా. బాగోలేదు."