కేసులు కూడి వైవాలో నవ్వులపాలయ్యాను (నా అనుభవం)

నిన్న సాయంత్రం నా ఎం.ఏ. ప్రాజెక్టు మీద ఎట్టకేలకు సంతకం పడింది. దేశంలో మద్యం వాడకం పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది టాపిక్. రెండు వారాల పనే కదా అనుకుని తీసుకున్నా, ఏడు నెలలు పట్టింది.

సర్వే లెక్కలు తేలిగ్గానే దొరికాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తాగుతామని చెప్పిన మగవాళ్లు (15-49 ఏళ్లు) 2015-16లో 29 శాతం, 2019-21లో 22 శాతం. ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) మాత్రం 15 ఏళ్లు, ఆపైవాళ్లలో ఏడాది తలసరి వాడకం 2005లో 2.4 లీటర్ల ఆల్కహాల్ ఉంటే 2016కి 5.7 అయిందంటుంది. ఒకరు ఎంతమంది తాగుతున్నారని చూస్తే, ఇంకొకరు ఎంత తాగుతున్నారని చూస్తారు. కనీసం మన రాష్ట్రం అమ్మకాలతో సరిచూద్దామని ఒక ఆఫీసులో సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను.

"ఆడపిల్లవి, నీకెందుకమ్మా మందు లెక్కలు?" అన్నాడు గుమాస్తా. కారణం చెప్పక్కర్లేదని చట్టంలో 6(2) సెక్షన్ ఉంది. ఆ మాటే అంటే మొహం మాడ్చుకున్నాడు. ముప్పై రోజుల గడువు దాటినా ఉలుకూ పలుకూ లేదు. అప్పీలు వేశాకే కాగితాలు కదిలాయి. మీరూ బతిమాలొద్దు, అప్పీలు వేయండి.

అసలు పరువు పోయింది వైవాలో (నోటి పరీక్షలో). లిక్కర్ (విస్కీ, బ్రాందీ లాంటివి) కేసులు, బీరు కేసులు, అంటే సీసాల పెట్టెలు, కలిపి కూడి రంగుల గ్రాఫ్ వేశాను. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ దాన్ని చూసి, "ఇందులో ఆల్కహాల్ ఎంతమ్మా?" అన్నారు. "ఇన్ని లక్షల కేసులు సార్" అన్నాను. "మూటలు లెక్కపెట్టావు. లోపల పత్తి ఉందో ఇనుముందో చూశావా?" వెనక కూర్చున్న మగపిల్లలు పగలబడి నవ్వారు. మూడుసార్లు సంతకం పెట్టిన మా గైడ్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆయన ఫైలు తెరవనే లేదని అప్పుడర్థమైంది.

ఆ రాత్రి వైన్ షాపులో పనిచేసే మా మావయ్య చేత ఒక ఖాళీ క్వార్టర్ సీసా తెప్పించాను. లేబుల్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో 180 మి.లీ., 42.8 శాతం అని ఉంది. కేసులో అలాంటివి 48, అంటే 8.64 లీటర్లు. అందులో ఆల్కహాల్ దాదాపు 3.7 లీటర్లు. బీరు కేసులో 650 మి.లీ. సీసాలు 12, మొత్తం 7.8 లీటర్లు. 5 శాతం బీరైతే ఆల్కహాల్ 0.39 లీటరే! తొమ్మిది రెట్లకు పైగా తేడా ఉన్న రెంటినీ నేను ఒక్కో కేసుగా కూడేశాను. జనం బీరు మానేసి లిక్కర్‌కి మళ్లితే, ఆల్కహాల్ పెరుగుతున్నా నా గ్రాఫ్ కిందికి దిగుతుంది.

మొత్తం మళ్లీ ఆల్కహాల్ లీటర్లలోకి మార్చాను. ఇప్పుడు జూనియర్లు నా ఎక్సెల్ షీటు అడుగుతున్నారు, టీ తాగించినవాళ్లకే ఇస్తున్నా.

రెండోసారి వైవాలో అదే ఎగ్జామినర్, "మరి కల్లు సంగతో?" అన్నారు. మా తాతను మందు తాగుతావా అని అడిగితే, ముంత చేతిలో పట్టుకునే "ఛీ, నాకా అలవాటు లేదు" అంటాడని చెప్పాను. డబ్ల్యూహెచ్‌ఓ చెప్పిన ఆ 5.7లో కూడా 2.6 లీటర్లు అమ్మకాల లెక్కకెక్కని సరుకు మీద వేసిన అంచనాయే అని రాసిన పేజీ తీసి చూపించాను. ఆయన చదివి, నవ్వి, పెన్ను తీశారు.