వాయిదా అంటే మాఫీ కాదు: హాస్టల్ అద్దె బకాయి వసూలు, నా అనుభవం

మొన్ననే ఆఖరి వాయిదా నా ఖాతాలో పడింది. కోపం ఇంకా తగ్గలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా.

మాది హైదరాబాద్ ఎస్.ఆర్.నగర్. కింద మేముంటాం. పై రెండంతస్తులు హాస్టల్ నడిపే ఒకాయనకిచ్చాను. అంతా అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సులు చేసే పిల్లలే. ఆ అద్దెతోనే నా ఇంటి లోను కిస్తీ. కరోనా లాక్‌డౌన్ పెట్టాక, 2020 మార్చి 25న ఊరెళ్లే లెటర్ల కోసం హాస్టల్ పిల్లలంతా పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. చాలామంది ఆంధ్రా సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర చిక్కుకుపోయారు. మా పై అంతస్తులు ఖాళీ.

బ్యాంకు పని సులువుగానే అయింది. మారటోరియం, అంటే కొన్నాళ్లు కిస్తీ కట్టకుండా గడువు అడిగితే ముందు మే వరకు, తర్వాత ఆగస్టు వరకు ఇచ్చారు. వడ్డీ మాత్రం ఒక్కరోజు కూడా ఆగలేదు.

ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మార్చి నుంచి మే వరకు అద్దె అడగొద్దు, తర్వాత వడ్డీ లేకుండా వాయిదాల్లో తీసుకోండి అని. ఓనర్లు వేధిస్తే 100కి ఫోన్ చేయండని ముఖ్యమంత్రి కూడా చెప్పారు. మా హాస్టలాయనకి "అడగొద్దు" వరకే వినపడింది.

జూన్ దాటాక అడిగాను. "గవర్నమెంటే మాఫీ చేసింది కదంకుల్" అన్నాడు. వాయిదాకీ మాఫీకీ తేడా చెప్పబోయాను. గొంతు కాస్త పెరిగింది, నిజమే. అంతే, నా ఎదురుగానే 100 కొట్టాడు.

పెట్రోలింగ్ బండి వచ్చేసరికి నేను బనీను మీదున్నాను. చొక్కా వేసుకొస్తానన్నా ఆగలేదు. బండి దిగిన పోలీసు, మా అబ్బాయి కంటే చిన్నవాడు, "ఏం పెద్దాయనా, జనం చస్తుంటే నీకు అద్దె కావాల్సొచ్చిందా?" అన్నాడు. ఎదురింటి బాల్కనీ నిండా మనుషులు. కూరల బండివాడు కూడా బేరం ఆపి చూస్తున్నాడు. లోపలికెళ్లి ఉత్తర్వు కాపీ తెచ్చి చూపించాను. "స్టేషన్‌కి రా, అక్కడ చదువుకుందాం" అన్నాడు. మా ఆవిడ బయటికొచ్చి దండం పెడితే వదిలారు. హాస్టలాయన నా గోడకే ఆనుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. మర్నాడు కిరాణా కొట్టులో, "ఏంటి సార్, పోలీసులొచ్చారంట?" అని పలకరింపు. కిస్తీ ఎలా కడుతున్నావని అడిగిన నాథుడు లేడు.

ఓనరంటే జమీందారు అనుకుంటారు. ఆస్తి పన్ను, మోటారు కరెంటు బిల్లు ఎవరు కడతారు? మా వీధిలో నీళ్లు ఆపినవాళ్లున్నారు, గదులకు తాళం వేసినవాళ్లున్నారు. నేను ఆ పని చేయలేదు, గర్వంగానే చెప్తున్నా.

చివరికి మా ఆవిడ హాస్టలాయన భార్యకి ఫోన్ చేస్తే వ్యవహారం కదిలింది. బకాయి మొత్తం కాగితం మీద రాసి, కొంత అడ్వాన్సులో తీసేసి, మిగతాది వాయిదాలకు విడగొట్టాం. వాళ్ల బావమరిది సాక్షి సంతకం పెట్టాడు. మీరూ రాయించుకోండి. డబ్బు చేతికి తీసుకోవద్దు, ఖాతాలోనే వేయించుకోండి. కాలనీ పెద్దల్ని మాత్రం మధ్యవర్తిత్వానికి పిలవకండి, టీ తాగి పోతారు. రాని అద్దెకు పన్ను తప్పించుకుందామని ఆడిటర్‌ని అడిగితే, అద్దెకున్నవాడు ఖాళీ చేసైనా ఉండాలి, చేయించే ప్రయత్నమైనా జరగాలి, కోర్టు దాకా వెళ్లినట్టో, వెళ్లినా లాభం లేదనో చూపించాలి అన్నాడు. ఆ ఆలోచన మానేశాను. 2020 నవంబరులో, మారటోరియం నెలల చక్రవడ్డీకి, బారువడ్డీకి ఉన్న తేడాని బ్యాంకు వెనక్కి వేసింది. చాలా చిన్న మొత్తం.

ఇప్పుడు హాస్టలాయన కొత్త అగ్రిమెంటు రాయమంటున్నాడు. అద్దె కొంత తగ్గిస్తానన్నా, అడ్వాన్సు మాత్రం ఆరు నెలలది ముందే ఇవ్వమన్నా. "మరీ ఎక్కువంకుల్" అన్నాడు.

100కి ఫోన్ చేసుకోమన్నా.