జారడం మానేసి నడవడం నేర్చుకున్నాను

స్కేట్స్ విప్పేసి నాటకాల్లోకి వచ్చి మూడేళ్లు దాటింది. "డాన్స్ చేసేదానివి కదా, నటన ఈజీగా వచ్చేసి ఉంటుంది" అని చాలామంది అంటుంటారు. రాలేదండీ. ఎలా రాలేదో, ఆ తర్వాత ఎలా వచ్చిందో ఎవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను, ముఖ్యంగా ఆట వదిలేసి ఇప్పుడేం చెయ్యాలా అని కూర్చున్నవాళ్లకి.

బెజవాడలో స్కేటింగ్ అంటే స్పీడ్ స్కేటింగే అనుకుంటారు. నాది ఆర్టిస్టిక్, అందులోనూ కపుల్ డాన్స్. వింటర్ ఒలింపిక్స్‌లో ఒక అబ్బాయి, ఒక అమ్మాయి మంచు మీద చేతులు పట్టుకుని తిరుగుతుంటారు చూడండి, ఐస్ డాన్స్, 1976 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. అలాంటిదే నాలుగు చక్రాల స్కేట్స్ మీద చేస్తే మా ఆట. పెద్ద పెద్ద గెంతులుండవు. పాదం లోపలి అంచు మీద ఉందా బయటి అంచు మీదా, ఇద్దరి మధ్య ఎడం ఎంత, అడుగు తాళం మీద పడిందా లేదా, జడ్జీలు చూసేది ఇవి. నేను పదేళ్లప్పుడు మొదలుపెట్టాను. ఆ ఏడాదే, అంటే 2010లో, గ్వాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన హైదరాబాదు అబ్బాయి అనూప్ కుమార్ యామా రెండు కాంస్యాలు తెచ్చాడు, ఒకటి సింగిల్స్‌లో, ఒకటి అవనీ పంచాల్‌తో కలిసి పెయిర్స్‌లో. మా కోచ్ సార్ ఆ పేపర్ కటింగ్ రింకు గోడకి అంటించారు. అది పసుపుపచ్చగా అయిపోయేదాకా అక్కడే ఉంది.

మాది సిమెంటు రింకు. మే నెలలో ఉదయం అయిదింటికి వెళ్తేనే ప్రాక్టీసు, ఎనిమిదికల్లా నేల కాలిపోయేది. నా పార్ట్‌నర్ మా వీధివాడే, ఎనిమిదేళ్లు కలిసి చేశాం. ఒకసారి నేషనల్స్ అయ్యాక ఢిల్లీ మీదుగా వస్తూ గురుగ్రామ్‌లో మాల్ లోపల ఉన్న ఐస్ రింకుకి వెళ్లాం. మా స్కేట్స్‌కి ముందు రబ్బరు స్టాపర్ ఉంటుంది, నొక్కితే ఆగుతాం. ఐస్ స్కేట్‌కి ఆ చోట పళ్లు ఉంటాయి. అలవాటుగా నొక్కాను, బోర్లా పడ్డాను. బ్లేడు అడ్డం తిప్పి మంచుని గీరుతూ ఆగాలని అక్కడి అమ్మాయి చూపించింది. గంట డబ్బులు కడితే అందులో సగం ఆగడం నేర్చుకోవడానికే అయిపోయింది.

2022లో నా పార్ట్‌నర్ బీటెక్ అయిపోయింది, బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. వెళ్లక ఏం చేస్తాడు? నేను ఒక సీజన్ సోలో డాన్స్ చేశాను. టర్న్ తీసుకున్న ప్రతిసారీ నా ఎడమ చెయ్యి దానంతట అదే పక్కకి చాచుకునేది, అక్కడ ఎవరూ ఉండరు. వీడియోలో చూసుకుని ఏడ్చాను. ఆ డిసెంబర్‌లోనే మానేశాను.

అమ్మ పనిచేసే స్కూల్లో ఒక టీచర్ గారి భర్త పరిషత్తు నాటికలు, అంటే పోటీల్లో వేసే చిన్న నాటకాలు, ఆడిస్తారు. ఆడపాత్రలకి మనుషులు దొరకడం వాళ్లకి ఎప్పుడూ కష్టమే, అలా నన్ను పిలిచారు. చిన్నకోడలి పాత్ర, పద్నాలుగు డైలాగులు. సత్యనారాయణపురంలో ఒక ట్యూషన్ గదిలో రాత్రి ఎనిమిదింటి నుంచి పదిన్నర దాకా రిహార్సల్స్, అందరూ ఉద్యోగాలు చేసుకుని వచ్చేవాళ్లే. మొదటిరోజు నాటిక ఆడించే మాస్టారు స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి నా చేతికిచ్చి, "మామగారికి తీసుకెళ్లి ఇవ్వమ్మా" అన్నారు. ఇచ్చాను. చుక్క కూడా ఒలకలేదు, నాకు గర్వంగానే అనిపించింది. ఆయన గ్లాసు పక్కన పెట్టి, "అమ్మాయ్, నువ్వు నడవట్లేదు, జారుతున్నావు. పొద్దుట్నుంచి వంటింట్లో చచ్చినంత చాకిరీ చేసిన పిల్ల ఇలా వస్తుందా?" అన్నారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పన్నెండేళ్లు నా శరీరానికి నేర్పిందంతా ఒక్కటే, బరువు కనపడకుండా చూసుకోవడం. ఇప్పుడు బరువు కనపడాలట. నేను చేసిందేమిటంటే ఇంట్లో అమ్మని గమనించడం మొదలుపెట్టాను. స్కూలు నుంచి వచ్చాక చెప్పులు విప్పేటప్పుడు ఒక చెయ్యి గోడకి ఆనిస్తుంది. మోకాలు నొప్పి ఉన్న రోజున కుడికాలు అర సెకను ఆలస్యంగా పడుతుంది. ఇరవై రెండేళ్లు ఒకే ఇంట్లో ఉండి నేను ఇది చూడలేదు. ఇలా చూస్తున్నానని చెబితే మాస్టారు స్థానం నరసింహారావు గారి సంగతి చెప్పారు. బాపట్లలో పుట్టి, తెనాలి నాటక సమాజంలో స్త్రీ పాత్రలు వేసి 1956లో పద్మశ్రీ అందుకున్నారాయన. ఒక మగమనిషి సత్యభామగా నడిచి ఒప్పించాడంటే ఎంతమంది ఆడవాళ్ల నడక ఎంత శ్రద్ధగా చూసి ఉండాలి!

తర్వాత మొహం. పోటీల్లో కాలు నొప్పి పెట్టినా పెదాలు నవ్వుతూనే ఉండాలి కదా, ఆ నవ్వు నా మొహం మీద అతుక్కుపోయింది. అత్తగారు తిడుతుంటే నవ్వు మొహంతో నిలబడేదాన్ని. అది నెల రోజులకి పోయింది. గొంతుకే ఎక్కువ కాలం పట్టింది. రింకు మీద ఎప్పుడూ నోరు విప్పింది లేదు. నాట్యశాస్త్రంలో చెప్పిన ఆంగికం (ఒంటి కదలిక), వాచికం (మాట), ఆహార్యం (వేషం), సాత్త్వికం (లోపలి భావం) నాలుగింట్లో నాకు ఒక్కటే అరకొరగా తెలుసు, మిగతావి సున్నా నుంచి మొదలు. మైకులు ఉంటాయి కానీ అవి స్టేజి ముందు అంచున, వెనక మంచం దగ్గర కూర్చుని మాట్లాడితే వాటికి అందదు. నా అసలు లోపం మాట చివర్ని మింగేయడం. తెలుగు మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, మనం ఫోన్లో మాట్లాడేటప్పుడు ఆ చివరి అచ్చు తినేస్తాం, హాల్లో చివరి వరసకి సగం మాటే చేరుతుంది. కృష్ణ ఒడ్డున పద్మావతి ఘాట్‌కి పొద్దున్నే వెళ్లి పేపర్ గట్టిగా చదివేదాన్ని, ప్రతి మాట చివరా పట్టుకుని. అరవడం వద్దు, గొంతు పోతుంది, నాకు రెండుసార్లు పోయింది. పొట్ట నుంచి గాలి రావాలి.

అన్నిటికన్నా కష్టం ఏమీ చెయ్యకుండా ఉండటం. నాటిక మధ్యలో చిన్నకోడలు చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూ కూర్చుంటుంది, వెనక గదిలో మగవాళ్లు ఆస్తి పంపకాలు మాట్లాడుకుంటుంటారు, ఈమెకి డైలాగు లేదు. దాదాపు నిమిషం. నేను మనసులో ఒకటి నుంచి ఎనిమిది లెక్కపెట్టుకుంటూ ఎనిమిదికి ఒకసారి తల తిప్పేదాన్ని. లెక్క బయటికి కనపడిపోయేది. మాస్టారు ప్రతి రిహార్సల్‌కి ముందు నన్ను ఇరవై నిమిషాలు నిజంగానే బియ్యం ఏరమన్నారు, రేషన్ బియ్యం, నిజంగా రాళ్లు ఉన్నవి.

ఆ రోజుల్లో నాకు జేన్ టోర్విల్, క్రిస్టఫర్ డీన్ జ్ఞాపకం వచ్చేవాళ్లు. 1984లో సరయేవో ఒలింపిక్స్‌లో పన్నెండు 6.0లు (అప్పట్లో అదే అత్యధిక మార్కు) తెచ్చుకున్న బ్రిటన్ ఐస్ డాన్స్ జంట. జంట తమకి నచ్చిన సంగీతానికి చేసే ఫ్రీ డాన్స్‌కి అప్పట్లో గరిష్ఠంగా 4 నిమిషాల 10 సెకన్లు, వాళ్ల సంగీతం ఎంత కుదించినా 4 నిమిషాల 28 సెకన్ల కంటే తగ్గలేదు. అప్పటి నియమం ప్రకారం గడియారం మొదలయ్యేది స్కేటింగ్ మొదలయ్యాకే కాబట్టి మొదటి 18 సెకన్లు మోకాళ్ల మీదే ఉండి ఊగారు. చిన్నప్పుడు ఆ వీడియో చూసినప్పుడల్లా ఆ 18 సెకన్లు దాటించేసేదాన్ని, స్కేటింగ్ ఇంకా మొదలవలేదని. చేట ముందు కూర్చున్నాక వెనక్కి వెళ్లి అదే చూశాను, మళ్లీ మళ్లీ. లేవకముందే జనం వాళ్లని చూస్తున్నారు!

మొదటి షో తెనాలి దగ్గర ఒక ఊరి పరిషత్తులో. ఆంధ్ర నాటక కళా పరిషత్ 1929లో పుట్టింది తెనాలిలోనే, ఆ చుట్టుపక్కల జనానికి నాటకం ఎలా చూడాలో ఎవరూ చెప్పక్కర్లేదు. మా వంతు వచ్చేసరికి రాత్రి పన్నెండు దాటింది, అప్పటికీ కుర్చీలు నిండే ఉన్నాయి, కింద చాపల మీద ముసలివాళ్లు. నాకు తొమ్మిదో డైలాగు పోయింది. పూర్తిగా. స్కేటింగ్‌లో పడితే లేచి పాటని అందుకుంటాం, పాట మన కోసం ఆగదు కానీ సాగుతూనే ఉంటుంది. ఇక్కడ నిశ్శబ్దం. అత్తగారి పాత్ర వేసిన పెద్దావిడ నా దగ్గరికి వచ్చి, భుజం మీద చెయ్యి వేసి, "ఏవే, మాట్లాడవేం? పుట్టింటికి పోతానంటావా?" అంది. అది స్క్రిప్టులో లేదు. నా డైలాగు మొదటి మాట "పుట్టిల్లు". నా ఎడమ భుజం మీద ఆ చెయ్యి పడగానే, ఎప్పటినుంచో ఖాళీగా ఉన్న ఆ పక్క మళ్లీ ఎవరో వచ్చి నిలబడ్డట్టు అనిపించింది.

డబ్బు గురించి కూడా చెప్పాలి. నాటికలతో బతకలేం, దారి ఖర్చులు, భోజనం, చేతికి కొంచెం. నేను పగలు పిల్లలకి స్కేటింగ్ నేర్పుతాను. ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి, వ్యాన్‌లో తిరిగొచ్చేసరికి తెల్లవారుతుంది.

పోయిన నెల తుమ్మలపల్లి కళాక్షేత్రంలో అదే నాటిక వేశాం. బియ్యం సీన్‌లో లెక్కపెట్టలేదు. ఫ్యాన్ల చప్పుడు వినపడుతోంది, ఎక్కడో ఒక పిల్లాడు దగ్గాడు. చేటలో వేళ్లు తిప్పుతుంటే నిజంగానే ఒక నల్లరాయి తగిలింది, తీసి, లైటు వైపు పెట్టి చూసి, పక్కన పడేశాను. షో అయ్యాక ఒక మామ్మగారు స్టేజి వెనక్కి వచ్చి మేకప్ తుడుచుకుంటున్న నన్ను పట్టుకుని, "అమ్మాయ్, ఆ రాయి నిజంగా దొరికిందా?" అని అడిగారు. దొరికిందండీ అన్నాను. "అనుకున్నాలే, నేనూ ఇలాగే పైకెత్తి చూస్తాను" అన్నారావిడ. స్టేజి మీదకి మళ్లీ వెళ్లి చాప పక్కన వెతికి ఆ రాయి తెచ్చుకున్నాను, స్కేట్స్ పెట్టెలో ఉంది.